పాజిటివ్ వచ్చిన పిల్లిని ఇంట్లో పెంచుకోవచ్చా?

కిందటి ఎపిసోడ్‌లో నా వెనక సోఫా మీద చెవి చిరిగిన పిల్లి ఒకటి కనిపించింది కదా, అదెవరని చాలామంది అడిగారు. వాడి పేరు గండు. ఈరోజు వాడి గురించే.

రెండేళ్ల కిందట నేను ఇంకా జాబ్‌లోనే ఉన్నా, ఇంటి నుంచే పని. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక గండుపిల్లి ఉండేది. రాత్రయితే చాలు, వేరే పిల్లులతో యుద్ధం. తెల్లారేసరికి ఒంటి మీద కొత్త గాయం. ఒకసారి దవడ దగ్గర ఇంత లావున వాచింది. "అది ఇంక బతకదన్నా" అన్నాడు వాచ్‌మన్. ఒక రెస్క్యూ వాలంటీర్ దగ్గర బోను అడిగి తెచ్చి, ఎండు నెత్తళ్లు పెట్టాను. మూడో రాత్రి దొరికాడు.

డాక్టర్ గారు చీము తీసి, ఒక చుక్క రక్తంతో కిట్ టెస్ట్ చేశారు. పది నిమిషాల్లో రిజల్ట్: ఎఫ్ఐవీ పాజిటివ్. "ఉంచుకుంటారా, వదిలేస్తారా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఇంట్లో అప్పటికే బుజ్జి ఉంది, నాలుగేళ్ల ఆడపిల్లి. అమ్మకి ఫోన్ చేస్తే, "ఏరా, పిల్లికి ఎయిడ్సేంట్రా? దాన్ని ఇంట్లో పెడితే నేను రాను" అంది.

సో, అమ్మకి నేను చెప్పిందే మీకూ చెప్తాను. ఈ వైరస్‌ని 1986లో కాలిఫోర్నియాలో కనుక్కున్నారు. ఒకే చోట ఉంటున్న పిల్లులు ఒకదాని తర్వాత ఒకటి జబ్బుపడుతుంటే, అక్కడి డేవిస్ యూనివర్సిటీలో నీల్స్ పెడర్సన్ టీమ్ పట్టుకుంది. హెచ్ఐవీకి చుట్టమే, కానీ మనుషులకి రాదు. కుక్కలకీ రాదు. పిల్లి నుంచి పిల్లికి కూడా ఎక్కువగా లోతైన కాటు వల్లే వస్తుంది. అందుకే ఆపరేషన్ అవ్వని, కొట్లాడే మగపిల్లుల్లోనే ఎక్కువ. పొట్లాడుకోని పిల్లులు ఒకే ఇంట్లో ఉంటే రిస్క్ చాలా తక్కువ.

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ ఉంది, జాగ్రత్త. ఫెలైన్ ల్యుకీమియా అని ఇంకో వైరస్ ఉంది. అది ఉమ్మితో, ఒకదాన్నొకటి నాక్కోవడంతో, ఒకే గిన్నెలో తినడంతో కూడా అంటుకుంటుంది. అది ఇంకా ప్రమాదం. రిపోర్ట్‌లో ఏది పాజిటివో చూసుకోండి.

ఇంకో విషయం. ఎఫ్ఐవీ కిట్ వెతికేది వైరస్‌ని కాదు, యాంటీబాడీలని. తల్లికి ఉంటే, ఆ యాంటీబాడీలు పాల ద్వారా పిల్లకి వస్తాయి. వైరస్ లేకపోయినా పిల్లకి పాజిటివ్ చూపించొచ్చు. ఆరు నెలలు దాటాక మళ్లీ టెస్ట్ చేయించాలి. అలాగే ఈ మధ్యే కాటు పడ్డ పిల్లికి నెగెటివ్ వచ్చినా, రెండు నెలలాగి మళ్లీ చూడాలి. ఒక్క కిట్ చూసి ప్రాణం తీసే నిర్ణయం తీసుకోకండి, ప్లీజ్.

గండుకి ఆపరేషన్, రేబిస్ టీకా రెండూ చేయించి చిన్న బెడ్‌రూమ్‌లో పెట్టాను. పదకొండు రోజులు మంచం కింద నుంచి బయటికి రాలేదు. నేను నేల మీద కూర్చుని ఆఫీస్ కాల్స్ మాట్లాడేవాణ్ణి. మా టీమ్ స్టాండప్ కాల్ వినీ వినీ, పన్నెండో రోజు వచ్చి ల్యాప్‌టాప్ చార్జర్ పక్కన పడుకున్నాడు. బుజ్జికి మొదట తలుపు సందులోంచి వాసన, తర్వాత మెష్ డోర్ లోంచి చూపు, ఆఖరికి ఒకే గది. ఇదంతా రెండు నెలలు పట్టింది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మూడో నెలలో వాడు తిండి తగ్గించాడు. పొగరులే అనుకుని రెండు రోజులు వదిలేశాను. తీరా చూస్తే చిగుళ్లన్నీ పుండ్లు. ఈ వైరస్ ఉన్న పిల్లులకి నోటి సమస్యలు మామూలే. నాలుగు పళ్లు తీయాల్సి వచ్చింది. ఏ పిల్లయినా ఒక రోజంతా తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, ఈ పిల్లుల విషయంలో అస్సలు ఆగకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో రూల్స్ ఇవి. గండు బయటికి వెళ్లడు. చికెన్ ఉడికించే పెడతాం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఉండవు. పచ్చి మాంసంలో ఉండే క్రిముల్ని తట్టుకునే శక్తి వాడికి తక్కువ. పాలు పొయ్యం, చాలా పెద్ద పిల్లులకి పాలు అరగవు. వారానికోసారి బరువు చూస్తాం. ఆరు నెలలకోసారి చెకప్. ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ మాత్రం ఇవ్వకండి. పిల్లులకి అది విషం, చిన్న ముక్కయినా చంపేయగలదు.

అలా అని ప్రతి వీధి పిల్లినీ ఇంటికి తెచ్చెయ్యమని చెప్పట్లేదు. మనిషి అలికిడికే వణికిపోయే పెద్ద పిల్లిని ఏళ్ల తరబడి గదిలో బంధిస్తే అది ప్రేమ కాదు. అలాంటిదానికి ఆపరేషన్, టీకా చేయించి, ఉన్న చోటే వదిలి రోజూ తిండి పెట్టండి. ఆపరేషన్ అయితే కొట్లాటలు తగ్గుతాయి, కాట్లు తగ్గుతాయి, వైరస్ పాకడం కూడా తగ్గుతుంది. పట్టుకునేటప్పుడు కరిచినా, గీరినా వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో కడుక్కుని, అదే రోజు రేబిస్ ఇంజెక్షన్ కోసం వెళ్లండి.

గండుకి ఈ జబ్బు నయం కాదు. కానీ ఇలాంటి పిల్లులు చాలా ఏళ్లు హాయిగా బతుకుతాయి. వాడికి ఎన్నేళ్లున్నాయో డాక్టర్ చెప్పలేరు, నేనూ లెక్క పెట్టడం మానేశాను. సెల్లార్‌లోనే వదిలేసి ఉంటే ఆ దవడ గాయంతోనే పోయేవాడు.

రాను అన్న అమ్మ సంక్రాంతికి వచ్చింది. రెండు రోజులు దూరం నుంచే చూసింది. ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు అడిగేది, "వాడు తిన్నాడా?" అని. నేను తిన్నానా లేదా అన్నది ఆ తర్వాతే.

సరే, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.