అద్దె ఇల్లు కూడా అమానతే

ఏ నేలపై నడిచినా, ఏ కప్పు క్రింద నిద్రించినా మనలను కనిపెట్టుకొని ఉండే అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియ సోదరులారా! ముందుగా మాకు, ఆ తరువాత మీకు దైవభీతిని ఉపదేశిస్తున్నాము.

దివ్య ఖుర్‌ఆన్‌లోని సూరా నహ్ల్‌లో అల్లాహ్ తన అనుగ్రహాలను పేర్కొంటూ, మానవునికి ఇంటిని నెమ్మదినిచ్చే చోటుగా చేసిన సంగతిని గుర్తు చేశాడు. ఆ ఇల్లు సొంతదా, అద్దెదా అన్న భేదం అక్కడ లేదు. కాని మన పీలేరు, మదనపల్లె, పుంగనూరు, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్‌కు వెళ్లిన బిడ్డలలో ఎందరికి ఆ నెమ్మది దక్కుతున్నది? కుటుంబాలు నివసించే ప్రాంతాలలో ఒంటరి పురుషులకు ఇళ్లు అద్దెకివ్వరాదన్న చట్టం కువైట్‌లో ఉన్నది. అందుచేత వారు జలీబ్, ఫర్వానియా, ఖైతాన్, మహబూలా వంటి చోట్ల ఒక్కొక్క గదిలో పలువురు సర్దుకొని జీవిస్తున్నారు. అక్కడ అద్దె అంటే ఇల్లు కాదు, ఒక మంచం.

మన మొహల్లాకు చెందిన ఒక యువకుని సంగతి చెబుతాము. ఫర్వానియాలో ఒక ఫ్లాటులో అతనితో కలిపి తొమ్మిదిమంది ఉండేవారు. ఫ్లాటును తీసుకున్న మనిషి ప్రతినెలా వారి వద్ద అద్దె వసూలు చేసేవాడు. రసీదు లేదు. ఒకసారి ఆ యువకుడు అద్దె ఒప్పందాన్ని ఫోటో తీసి, “హజ్రత్, ఇందులో ఏముందో చదివి చెప్పండి” అని మాకు పంపాడు. అతడు ఖుర్‌ఆన్ పారాయణం చేయగలడు, అరబీ అక్షరాలను గుర్తించగలడు. ఆ భాష అర్థం తెలియదు. అది రమజాను నెల. పండుగ తరువాత చూద్దామనుకున్నాము. తరువాత మరచిపోయాము.

మూడు నెలలు గడిచాక వారి సామాను వీధిలో పడింది. వసూలు చేసిన అద్దెను ఆ మనిషి యజమానికి చెల్లించలేదు. అప్పుడు గాని మేము ఆ కాగితాన్ని చదవలేదు. అందులో ఈ తొమ్మిదిమందిలో ఒక్కరి పేరూ లేదు. యజమాని వ్రాతపూర్వక అనుమతి లేనిదే మరొకరికి ఇవ్వరాదన్న షరతు మాత్రం స్పష్టంగా ఉన్నది. ఆ యువకుడు మూడు రాత్రులు మిత్రుని కారులో పడుకున్నాడు. ఇక్కడ అతని తల్లికి ఆ సంగతి తెలియదు. మేము ఆనాడే పది నిమిషాలు కేటాయించి ఉంటే అతడు ముందే జాగ్రత్త పడేవాడు. మా అశ్రద్ధకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము.

సోదరులారా! ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏది? సూరా బఖరాలోని 282వ ఆయత్. గడువు పెట్టుకొని చేసే అప్పును వ్రాసి పెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని అది ఆదేశిస్తున్నది. మనవారు మాత్రం, “మన ఊరివాడే కదా, కాగితమెందుకు?” అంటారు. కాగితం అడగడం అపనమ్మకం కాదు. నమ్మకాన్ని కాపాడే కంచె. దుబాయ్‌లో అద్దె ఒప్పందాన్ని నమోదు చేసే ఏర్పాటును ‘ఇజారీ’ అంటారు. సౌదీలో ‘ఈజార్’ అంటారు. ఈ పేర్లు రెండూ మన ఫిఖ్హ్ గ్రంథాలలోని ‘ఇజారా’ అన్న మాటకు చుట్టాలే. ఏ ఇల్లు, ఎంత కాలం, ఎంత అద్దె అన్నవి స్పష్టంగా తేలనిదే ఇజారా సక్రమం కాదని ఆ గ్రంథాలు చెబుతున్నాయి.

ఇక ఫ్లాటు తీసుకొని మంచాల లెక్కన అద్దెకిచ్చే సోదరులకు ఒక మాట. అటువంటివారి తండ్రులు, అన్నదమ్ములు ఈ సఫ్‌లలో కూడా ఉండవచ్చు. అద్దెకు తీసుకున్న ఇంటికి తన వైపు నుండి ఏ మేలూ చేర్చకుండా, అదే నాణెంలో ఎక్కువ అద్దెకు మరొకరికి ఇస్తే, ఆ అదనపు సొమ్ము అతనికి హలాల్ కాదని, దానిని సదఖా చేయాలని హనఫీ ధర్మవేత్తలు తీర్పు చెప్పారు. “మేము గదిలో చెక్కల అడ్డు కట్టించాము, అది మేలే కదా?” అని ఎవరైనా అడగవచ్చు. గాలిని, దారిని మూసివేసే అడ్డు మేలు ఎలా అవుతుంది?

2024 జూన్ 12ను మరువకండి. బక్రీదుకు కొద్దిరోజుల ముందు, కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులు నివసించే భవనంలో తెల్లవారుజామున మంటలు లేచాయి. నలభై మందికి పైగా భారతీయులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్‌వారు. క్రింది అంతస్తులో కాపలాదారు గదిలోని విద్యుత్ షార్ట్ సర్క్యూట్ దీనికి కారణమని అక్కడి అగ్నిమాపక అధికారులు ప్రకటించారు. త్వరగా అంటుకునే వస్తువులతో గదుల మధ్య అడ్డులు కట్టడం, మేడపైకి వెళ్లే తలుపుకు తాళం వేసి ఉండడం నష్టాన్ని పెంచాయని కూడా చెప్పారు. నిద్రలో ఉన్నవారిని పొగ చుట్టుముట్టింది. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవాడితో సమానమని మనకు బోధింపబడింది. ఆ తలుపు తాళం తెరచి ఉంచడం కూడా ఆ బోధలోనిదే.

కనుక విదేశంలో ఇల్లు వెదికే బిడ్డలకు ఈ నాలుగు మాటలు చేర్చండి: ఒప్పందంలో తన పేరు ఉన్నదో లేదో చూడాలి. అర్థం కాని కాగితంపై సంతకం చేయరాదు. ఇచ్చిన ప్రతి దీనారుకు రసీదు తీసుకోవాలి. మంచం చూసే ముందు మెట్లు, బయటకు పోయే దారి చూడాలి.

రెండవ ఖుత్బా

ప్రియ సోదరులారా! దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా పరాయి ఊరిలో ఒకరి ఇంట ఉన్నవారే. మదీనాలో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజియల్లాహు అన్హు) ఇంట క్రింది భాగంలో ఆయన బస చేశారు. ఒక రాత్రి మేడపై నీటికుండ పగిలింది. క్రింద ఉన్న అతిథిపై చుక్క పడునేమోనని భయపడి, ఆ దంపతులు తమకున్న ఒకే ఒక్క దుప్పటితో ఆ నీటిని అద్దారు. మస్జిద్ కోసం ఎంచుకున్న స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా ఆయన అంగీకరించక, వెల చెల్లించే తీసుకున్నారు. ఇంట ఉన్నవారి పట్ల యజమాని మర్యాద, నేల యజమాని పట్ల తీసుకొనేవారి నిజాయితీ - రెండూ మనకు మదీనాయే నేర్పింది.

ఇప్పుడు మన గడప వైపు చూసుకుందాము. కువైట్‌లో మంచం అద్దె కట్టి దాచిన సొమ్ముతో మన ఊళ్లలో ఎన్నో మేడలు లేచాయి. వాటిలో వరుసగా గదులు కట్టి, తిరుపతికి చదువుకొనుటకు వచ్చిన పిల్లలకు, బీహారు, ఒడిశాల నుండి పనికి వచ్చిన కూలీలకు అద్దెకిస్తున్నాము. ఆ గదులకు కిటికీ ఉన్నదా? పదిమందికి ఒకే మరుగుదొడ్డి పెట్టలేదు కదా? ఖాళీ చేసేనాడు సున్నం ఖర్చని, పెచ్చు ఊడిందని చెప్పి అడ్వాన్సు మింగడం లేదు కదా? పదకొండు నెలల ఒప్పందం వ్రాయించి, దాని ప్రతి ఒకటి కిరాయిదారుకు ఇస్తున్నామా? పేరు విని ఇల్లు లేదన్నప్పుడు కలిగే బాధ మనలో చాలామందికి తెలుసు. ఆ బాధను మన గడప వద్ద మరొకరికి కలిగించకుండుట మన విధి. అక్కడ మన బిడ్డకు ఎటువంటి యజమాని దొరకాలని దుఆ చేస్తున్నామో, ఇక్కడ మనం అటువంటి యజమానులం కావాలి.

ఇకపై ప్రతి జుమా నమాజు తరువాత అస్ర్ వేళ వరకు మేము మస్జిద్‌లోనే కూర్చుంటాము. గల్ఫ్ నుండి మీ బిడ్డలు పంపిన అరబీ ఒప్పందాలు ఏవైనా తీసుకురండి. చదివి తెలుగులోనో, ఉర్దూలోనో చెబుతాము. ఈసారి పండుగ తరువాత అనము.

ఓ అల్లాహ్! పరదేశంలో ఉన్న మా బిడ్డలకు భద్రమైన కప్పును, న్యాయమైన యజమానిని, నెమ్మది గల నిద్రను ప్రసాదించు. మంగఫ్‌లో ఆప్తులను కోల్పోయిన కుటుంబాలన్నింటికీ సహనాన్ని, ఆసరాను ఇవ్వు. మా ఇళ్లలో తల దాచుకున్నవారికి మా వలన కష్టం కలుగకుండా కాపాడు. మేమందరమూ ఈ లోకంలో గడువుతో వచ్చినవారమే. గడువు తీరినాడు ఈ ఇంటిని శుభ్రంగా అప్పగించి వెళ్లే భాగ్యం కలిగించు. ఆమీన్.