తొలి మెట్టు

భిలాయ్ శాఖకు బదిలీ అయ్యాక, నలభై రెండో ఏట కరాటేలో చేరాను. తోటి విద్యార్థులంతా స్టీల్ ప్లాంటు ఉద్యోగుల పిల్లలు. నన్ను 'అంకుల్‌జీ' అనేవారు.

బ్లాక్ బెల్ట్ పరీక్షలో మొదటిసారి తప్పాను. కాతా మధ్యలో అడుగు మరిచిపోయాను. ఇక మానేస్తానని ఇంట్లో చెప్పేశాను. మర్నాడు ఆ మాట సార్‌కు చెబుదామని వెళితే, నాతోపాటు తప్పిన పన్నెండేళ్ల పాప అప్పటికే సాధన చేస్తోంది. "ఆలస్యమైంది, అంకుల్‌జీ" అంది. పక్కన నిలబడ్డాను.

మరుసటి ఏడాది బెల్ట్ వచ్చింది. జూడోలోని ఈ పద్ధతిని 1924లో ఫునకోషి కరాటేకు తెచ్చారు. మొదటి బ్లాక్ బెల్ట్ పేరు 'షోదాన్', అంటే తొలి మెట్టు. బెల్ట్ కట్టుకున్న మర్నాడు సార్ మళ్లీ మొదటి పాఠంతోనే మొదలుపెట్టించారు.

ఈసారి ప్రమోషన్ రాని మిత్రులకు ఒక్కటే మాట: మర్నాడు వెళ్లండి.