కల్లులొట్టియు చలువయు

పులియుట యనునది మన యిండ్లలో నిత్యము జరుగు పని. పాలు తోడుకొనుట, ఇడ్లీపిండి పొంగుట, కల్లు నురుగులు క్రక్కుట, ఇవన్నియు కంటికి కనబడని సూక్ష్మజీవుల వ్యవసాయమే. ఈ వ్యవసాయమునకు విత్తన మెంత ముఖ్యమో వేడిమియు నంత ముఖ్యము. నేను మేడ్చలు, శామీరుపేట ప్రాంతమున బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పినవాడను గనుక, ఆ పొలముగట్ల మీది ఈతచెట్లను, తాటిచెట్లను బట్టియే ఈ సంగతి మనవి చేసెదను. త్రాగుడును పొగడుట నా యుద్దేశము కాదు.

చెట్టునుండి అప్పుడే దిగు రసము తియ్యని నీరా. అందు నూటికి పదిపాళ్లకు పైగా చక్కెర యుండును. లొట్టి లోపల సున్నము పూసినచో అది పులియక నిలుచును. పూయనిచో, నిన్నటి కల్లు తడి యంటియున్న లొట్టిలో ఈస్టు అనెడి సూక్ష్మజీవులు చక్కెరను సారాయముగను, బొగ్గుపులుసు గాలిగను మార్చును. ఆ గాలియే నురుగు. వానితోడనే పులుపు పుట్టించు జీవులును పెరుగును. వేడి హెచ్చిన కొలది అన్నిటి పనియు వేగిరపడును; కల్లు త్వరగా పులిసి, తుదకు ముక్కు మూసికొనవలసిన పులికడుగు వంటి దగును.

మా యూరి గీతవృత్తివాడొకడు, మోకు భుజమున వైచుకొని పోవుచు, ఒక వేసవిలో నాతో ననెను: “సారూ, ఎండ నా కంటె ముందుగల్ల చెట్టెక్కుతది. పొద్దెక్కినంక కల్లు ఎవడు తాగడు.” అది హాస్యము కాదు. ఉదయము అమ్ముడుపోని లొట్టి మధ్యాహ్నమునకు పారబోయవలసినదే; ఆ దినపు కూలి ఆ నేలలో ఇంకిపోవును.

నేను ఉష్ణమాపకము తీసికొని అతని వెంట బోతిని. నీడలో 38 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నప్పుడు ప్లాస్టిక్ డబ్బాలోని కల్లు గాలికంటెను వేడిగా నుండెను. ఆశ్చర్యపడితిని గాని, ఆశ్చర్యపడవలసినది లేదు: పులియుటయే కొంత వేడిని పుట్టించును. మట్టిలొట్టికి తడిగోనె చుట్టి నీడను ఉంచినది మాత్రము 29 డిగ్రీల వద్ద నిలిచెను. మట్టి చెమర్చును, చెమట ఆరునప్పుడు వేడిని లాగికొనును. ప్లాస్టిక్ చెమర్చదు. తేలికయని మనవారు విడిచిన కుండ యెంత పనిచేసినదో చూడుడు!

పాశ్చాత్యులకు బీరు విషయమున ఇదే చిక్కు వచ్చినది. 1876లో పాశ్చరు మహాశయుడు బీరు చెడుటకు సూక్ష్మజీవులే కారణమని గ్రంథము వ్రాసెను. 1883లో కోపెన్‌హేగెనున హాన్సెను శుద్ధమైన ఈస్టును వేరుచేసెను. అడుగున పనిచేయు ఈస్టుకు 8 మొదలు 12 డిగ్రీల వరకును, పైన తేలునట్టి దానికి 15 మొదలు 22 వరకును చలువ కావలెను. అంతకు మించినచో ఘాటైన సారాయములు పుట్టి తలనొప్పియు, చెడ్డ వాసనయు కలుగునని తయారీదారులు చెప్పుదురు. అందుకే జర్మనీలో లిండె నిర్మించిన శీతలయంత్రము 1870 దశకమున బీరుసాలలలో మొదట చేరెను. మన రాష్ట్రమున అనుజ్ఞ లేక ఇంట మద్యము కాచుట నేరము. ఆ ప్రయత్నము వలదు.

కల్లు పులియకుండ చలువ కావలె. ఈత కల్లుకు శీతకాలమే ఆ చలువ యిచ్చును. తాటికల్లు వేసవిది, అందుకే కష్టము. ఈ కష్టమును తప్పించుకొన కొందరు మందులు కలుపుదురు. పలుచబడిన దానికి తీపి తెచ్చుటకు సాకరిను, మత్తు తెచ్చుటకు క్లోరల్ హైడ్రేటు, నిద్రమాత్రల మందు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు ప్రాణములు విడిచిరి. చలువకు బదులు విషము! నీరా యైనను అట్లే; 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున తెరచిన నీరా కేఫ్ వంటి చోట దానిని శీతలమున ఉంచక తప్పదు.

మా గీతవృత్తివానికి శీతలయంత్రము లేదు. తడిగోనెతో ఒక గంట, రెండు గంటలు లాభము. వానకాలమున గాలి తడిగా నుండుటచే గోనె ఆరదు, చలువ పుట్టదు. అప్పుడేమి చేయుదువని అడిగితిని. “ఇంకొక గంట ముందుగల్ల ఎక్కుత సారూ,” అని మోకు సవరించుకొని చెట్టువైపు నడిచెను.