పారవేసినది మన గడపకే తిరిగి వస్తుంది
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళం, డాక్టర్లం కాము. అయినా మనిషి, పశువు, పరిసరం - ఈ మూడింటి ఆరోగ్యం ఒకే తాడుకు మూడు పేటలని చెప్పదలచుకొన్నాము. ఒక పేట తెగితే ఏమైతదో చూడటానికి దూరం పోనక్కరలేదు.

పాత ఆదిలాబాద్ జిల్లాలో, నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉన్నది. 2013లో ఆ గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు ఉంటున్నట్టు గుర్తించారు. అదొక పెద్ద వార్త అయింది. ఎందుకంటే ఒకప్పుడు ఊరి బయట గుంపులుగా వాలే ఆ గిద్ధ్ పక్షి 1990 తరువాత దేశంలో దాదాపు మాయమైపోయింది. కారణం 2004లో తెలిసింది. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ మందే అది. ఆ మందు పడిన పశువు చస్తే, దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చనిపోతుంది. 2006లో ప్రభుత్వం ఆ మందును పశువులకు నిషేధించింది. మనుషుల పేర వచ్చే పెద్ద సీసాలు పశువులకు పోతున్నాయని 2015లో వాటినీ ఆపింది.

పక్షి పోతే మనకేమి నష్టమంటారా? రాబందులు వాలితే కళేబరం గంటలలో ఎముకల గూడయ్యేది. ఇప్పుడది కుళ్ళి నీళ్ళలో కలుస్తున్నది, కుక్కలకు మేతవుతున్నది. మేత ఉన్నచోట కుక్కలు పెరుగుతాయి. కుక్కలు పెరిగినచోట పిల్లలకు కాట్లు పెరుగుతాయి. మనుషులకు రేబిస్ నూటికి 99 పాళ్ళు కుక్కల వల్లనే వస్తుంది. లక్షణాలు పైకి కనపడిన తరువాత బతకడం దాదాపు లేదు.

ఊరి బయట జరిగినదే మన మొహల్లాలోనూ జరుగుతున్నది. బక్రీదునాడు ఖుర్బానీ మాంసాన్ని మూడు పాళ్ళు చేసి, బంధువులకు, బీదలకు శ్రద్ధగా పంచుతాము. మరి పేగులు, రక్తం, పనికిరాని ముక్కలు? మోరీలోనో, ఖాళీ జాగలోనో పారేస్తున్నాము. కుక్కలు తింటే పుణ్యమే గదా అంటరు కొందరు. పచ్చి కలేజీలో, ఊపిరితిత్తులలో నీటి బుడగల వంటి తిత్తులుంటే, అవి తిన్న కుక్క కడుపులో సన్నని పురుగులు తయారవుతాయి. వాటి గుడ్లు కుక్క పెంటతో బయటపడి, పిల్లల చేతులకు, ఆకుకూరలకు అంటి మన కడుపులో చేరితే, మన కాలేయంలోనే ఏండ్ల తరబడి తిత్తులు పెరుగుతాయి. కొందరికి ఆపరేషన్ తప్పదు. దీనినే హైడాటిడ్ జబ్బు అంటారు.

అట్లని కుక్కలను కొట్టి చంపడం మందు కాదు. దప్పిగొన్న కుక్కకు నీళ్ళు పోసిన మనిషిని అల్లాహ్ మన్నించిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. చేయవలసినవి మూడు పనులు.

మొదటిది: పండుగకు ముందే, బావులకు దూరంగా లోతైన గుంత తవ్వించి, వ్యర్థాలు అందులో వేసి, సున్నం చల్లి, మట్టి కప్పాలి. మునిసిపాలిటీ బండి వచ్చేచోట బండికే ఇవ్వాలి.

రెండవది: పశువుకు నొప్పి సూదిని మనమే కొని తెచ్చి పొడవవద్దు. పశువైద్యుని అడగాలి. రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ ఉన్నది.

మూడవది: కుక్క కరిస్తే పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే దవాఖానాకు పోవాలి. గోరు గీరుకొని నెత్తురు వచ్చినా, కుక్కపిల్ల కరిచినా అంతే. సూదులు నడుమ మానవద్దు. ఇంకొక్క మాట: కరిచిందని చెప్పిన పిల్లవాణ్ణి కొట్టకండి. కొడితే రేపు చెప్పడు. చెప్పకపోతే ప్రాణమే పోవచ్చు.

ఈ మూడు మాటలను ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక కాగితంపై అచ్చువేయించి, జుమా నాడు మస్జిదుల దగ్గర పంచవలసినదిగా సంఘాన్ని కోరుతున్నాము. చదువు రానివారి ఇండ్లకు పోయి చదివి వినిపించే పని ఉపాధ్యాయులం మేము తీసుకొంటాము.