బడి తెఱచుటకు ముందు బిడ్డ గూడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ వేళ మహాకవులను గూర్చియు, ఉద్గ్రంథములను గూర్చియు ప్రసంగించుట పరిపాటి. బిడ్డల పుస్తకముల మూలను సర్దుట యను చిన్న విషయము ఈ వేదికకు తగునా యని కొందఱికి తోచవచ్చును. కాని మంచి గ్రంథాలయమేదైనను అప్పుడప్పుడు బీరువాలు దులిపి, పట్టిక చేతబట్టుకొని పుస్తకములను సరిచూచుకొనును. చినిగినవానిని కుట్టించును, కాలము చెల్లినవానిని తొలగించును, ఎవరి యింటనో నిలిచిపోయినవానిని రప్పించును. గ్రంథాలయమునకు అవసరమైన ఈ పని, చదువుకొను బిడ్డ యున్న ప్రతి యింటికిని అవసరమే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములందు బడులు సాధారణముగా జూన్ 12వ తేదీ ప్రాంతమున తెఱచుకొనును. అంతకు కొలది దినముల ముందే రోహిణి కార్తె ముగిసి మృగశిర కార్తె ప్రవేశించును. రోళ్లు పగులు ఎండలున్న దినములలోనే చెమ్మబట్టిన పుస్తకములు చక్కగా ఆరును. తొలకరి పడిన పిమ్మట గోడలు చెమ్మగిల్లును, చెదలు లేచును. కావున రోహిణి కార్తె చివరి దినములే ఈ పనికి తగిన కాలము.

పల్లెయిండ్లలో బిడ్డకు ప్రత్యేకముగా గది యుండుట అరుదు. గోడగూడు ఒకటి, దాని క్రింద ఇనుపపెట్టె ఒకటి, మేకునకు వ్రేలాడు సంచి ఒకటి. బిడ్డకు ఇదియే గది. దానిలో నేమున్నవో చూచినవారికి ఆశ్చర్యము కలుగును. మూడు తరగతుల వెనుకటి వాచకములు, సగము వ్రాసి విడిచిన నోటుపుస్తకములు, మూతలు లేని కలములు, తిరునాళ్లలో కొన్న చక్రములూడిన ప్లాస్టిక్ బండ్లు, మోకాళ్లపైకి పోయిన బడిదుస్తులు, జత తప్పిన జోళ్లు. వీనియడుగున ఎక్కడనో ఈ యేడు కావలసిన జామెట్రీ పెట్టె దాగియుండును. అది కనబడక మఱియొకటి కొందురు.

ఇవి యిట్లు పేరుకొనుటకు సోమరితనమే కారణమనుట సరికాదు. పుస్తకము సరస్వతీ స్వరూపమను భక్తి మన యిండ్లలో నున్నది. కాలు తగిలినచో కన్నులకద్దుకొను జాతి, కాగితమును పారవేయ జంకుట సహజము. తమ్మునికో చెల్లెలికో పనికివచ్చునను పొదుపు బుద్ధి రెండవ కారణము. బిడ్డ చిన్ననాటి వస్తువుపై తల్లికి గల మమకారము మూడవది. ఈ మూడును మంచి గుణములే. కాని పెట్టె యడుగున చెదలకు విడిచిన పుస్తకమునకు జరుగునది పూజ కాదు. పాఠములు మారిన పిమ్మట పాత వాచకము తమ్ముని పరీక్షకు అక్కఱకు రాదు. చాలని చొక్కాను దాచుటచేత బిడ్డ తిరిగి చిన్నవాడు కాడు.

చుట్టును వస్తువులు క్రిక్కిఱిసినచో బిడ్డ మనస్సు నిలుచునా యను ప్రశ్నను పరిశోధకులు పరీక్షించి చూచిరి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు 2014లో ప్రకటించిన పరిశోధనలో 24 మంది పసిపిల్లలకు కొన్ని పాఠములను గోడలనిండ బొమ్మలున్న గదిలోను, కొన్నిటిని బోసిగోడల గదిలోను చెప్పిరి. బోసిగోడల గదిలో విన్న పాఠములపై పిల్లల సమాధానములలో 55 శాతము సరియైనవి కాగా, బొమ్మలు నిండిన గదిలో విన్నవానిపై 42 శాతము మాత్రమే సరియైనవి. టొలీడో విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన మఱియొక పరిశోధనలో 36 మంది చిన్నబిడ్డల ముందు ఒకమాఱు 4 ఆటవస్తువులను, మఱియొకమాఱు 16 ఆటవస్తువులను ఉంచిరి. నాలుగే యున్నప్పుడు వారు ఒక్కొక్కదానితో ఎక్కువ సేపు, ఎక్కువ విధములుగా ఆడుకొనిరి. ఇవి చిన్న పరిశోధనలు; వీనిచేత సర్వమును తేలిపోయినదనరాదు. అయినను తల్లులు అనుభవమున ఎఱిగినదానికి ఇవి సాక్ష్యము పలుకుచున్నవి.

అట్లయిన సంచి పట్టి అన్నియు ఊడ్చిపారవేయుటయే మేలా? ఇచ్చటనే పెద్దలు పొరపడుదురు. ఒక యింటిని ఊహించుకొనుడు. ఆఱవ తరగతి ముగించిన బాలిక సెలవులకు అమ్మమ్మగారి యూరికి పోయినది. తల్లి మంచి మనస్సుతోనే గూడంతయు ఖాళీచేసి, పాత కాగితములవానికి తూకమున అమ్మినది. గూటికి సున్నము కొట్టించి, క్రొత్త కాగితము పఱచి, బిడ్డ సంతోషించునని ఎదురుచూచినది. బాలిక వచ్చి, "అమ్మా, లెక్కల నోటుపుస్తకమేదే?" యని అడిగినది. "అదెందుకే, నిరుటిది గదా!" యని తల్లి యన్నది. ఆ పుస్తకము చివరి పుటలలో, గతించిన తాతగారు తమ చేతులతో వ్రాసియిచ్చిన ఎక్కములున్నవి. తల్లికి ఆ సంగతి తెలియదు. కాగితములవాడు పోయి నాలుగు దినములైనది. బాలిక కోపపడలేదు. నాటినుండి తన వస్తువులను బియ్యపుడబ్బా వెనుక దాచుట మొదలుపెట్టినది.

ఆ యింట గూడు శుభ్రమైనది, నమ్మకము పోయినది. తూకమున వచ్చిన కొలది రూపాయలతో దానిని తిరిగి కొనలేరు. కావున ఈ పనిలో మొదటి నియమము, బిడ్డ లేనప్పుడు బిడ్డ గూటిపై చేయి వేయరాదనుట.

పనిచేయు విధానము సులభమైనది. ఉదయము చల్లని వేళ అరుగుపై చాప పఱచి, గూటిలోనివి అన్నియు దానిపై పెట్టవలెను. ఒక్కొక్క వస్తువును బిడ్డయే చేతబట్టి, ఎచ్చట చేరవలెనో చెప్పవలెను. ఈ యేడు వాడునవి ఒక కుప్ప, బాగుచేయవలసినవి రెండవది, ఇతరులకు పనికివచ్చునవి మూడవది, ఎవరికిని పనికిరానివి నాలుగవది. వీనికి ముందుగా బిడ్డకు ఒక రేకుడబ్బా ఇచ్చి, "ఇది నీది, దీనిలో నేమి పెట్టినను ఎవరును అడుగరు" అని చెప్పవలెను. గురివింద గింజలో, నెమలి యీకయో, తాతగారి చేవ్రాతయో, అందు చేరినది చర్చకు రాదు. దాచుకొనుటకు చోటున్నదని తెలిసిన బిడ్డ తక్కినవానిని తేలికగా విడుచును.

క్రిందటి తరగతి గణిత వాచకమును, భాషా వాచకమును వెంటనే విడువరాదు. క్రొత్త పాఠము పాత పాఠముపైననే నిలుచును గనుక కొన్ని నెలలు వానిని చేరువనుంచుట మేలు. వ్రాయని పుటలను విప్పి, దొంతిగా పేర్చి, దబ్బనముతో మూడు రంధ్రములు పొడిచి దారముతో కుట్టినచో చిత్తుపుస్తకము సిద్ధమగును. దీనిని బిడ్డచేతనే కుట్టించవలెను. తాను కుట్టిన పుస్తకమును బిడ్డ ఒకవిధముగా చూచును, కొన్న పుస్తకమును మఱియొకవిధముగా చూచును. దుస్తులలో అంచు మడత విప్పిన చాలునవి దర్జీకి, చాలనివి చిన్నవారికి.

పారవేయు కుప్పలో ఒక్కదాని విషయమున జాగ్రత్త వలెను. మాటలాడు బొమ్మలలోను, వెలుగు బొమ్మలలోను గుండీవంటి చిన్న బ్యాటరీలుండును. పసివాడు దానిని మ్రింగగా అది అన్నవాహికలో చిక్కుకొన్నచో రెండు గంటలలోనే లోపల తీవ్రముగా కాల్చగలదు. విఱిగిన బొమ్మనుండి దానిని తీసి, పసివారి చేతికందనిచోట వేఱుగా నుంచి, బ్యాటరీలు సేకరించువారికి చేర్చవలెను. ఎవరైన మ్రింగినట్లు అనుమానము కలిగినచో క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

తిరిగి సర్దునప్పుడు గూటి మూలలు తుడిచి ఆరనిచ్చి, పుస్తకములను గోడకు రెండు వ్రేళ్ల యెడముగా నిలువవలెను. ఇనుపపెట్టెను నేలకానింపక ఇటుకలపై నుంచినచో చెదలు కంటబడును. రామబాణపు పురుగు చీకటిని, చెమ్మను, కదలని పుస్తకమును కోరును. నెలకొకమాఱు పుస్తకములను తీసి దులుపుటకంటె మంచి మందు లేదు.

వస్తువులు బిడ్డ చేతికందు ఎత్తున నుండవలెను. మరియా మాంటిసోరీ 1907లో రోమునగరపు పేదవాడలో తెఱచిన శిశుగృహమున ఈ సంగతికి ప్రాధాన్యమిచ్చెను. బిడ్డ తానే తీసికొని, తానే తిరిగి పెట్టుటకు వీలైన పొట్టి బీరువాలచేత క్రమశిక్షణ తనంతట తాను వచ్చునని ఆమె భావము. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, మన దేశమున ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. పల్లెలో పొట్టి బీరువా కొననక్కఱలేదు. గోడగూటి క్రింది అఱ బిడ్డకిచ్చి, పై అఱలో పెద్దల సామాను పెట్టిన చాలును.

గూడు సర్దిన చేతితోనే సంచిని గూడ సర్దవలెను. పిల్లల చదువు బరువును గూర్చి యశ్‌పాల్ సంఘము 1993లోనే నివేదిక సమర్పించినది. సంచి బరువు బిడ్డ బరువులో పదవవంతు మించరాదని 2020 నాటి కేంద్ర విధానము చెప్పుచున్నది. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుండి 2.2 కిలోల వఱకే తగునని అందున్నది. కూరలు తూచు కాటాయే దీనికి చాలును. ప్రతి రాత్రి మఱునాటి పాఠములు చూచుకొని సంచి సర్దుకొనుట బిడ్డకు అలవాటైనచో, తల్లి యేటేట పడు శ్రమ సగము తగ్గును.

ఇక మూడవ కుప్ప. ఈ గ్రంథాలయమునకు సంబంధించినది ఇదియే. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములలో ప్రతి పాఠకునికి అతని పుస్తకము, ప్రతి పుస్తకమునకు దాని పాఠకుడు అనునవి రెండు. పాఠకుని వెదకుచు పుస్తకమే పోవలెనని పాతూరి నాగభూషణముగారు 1935లో పడవపై గ్రంథాలయమును నడపిరి. నాడు పుస్తకము కాలువ దాటి పోయినది. నేడు పెట్టె మూత దాటుట లేదు. ఒక యింట చదివి ముగించిన కథల పుస్తకమును, నిఘంటువును, పటముల పుస్తకమును కోరు బాలుడు ప్రక్క యింటనే యుండవచ్చును.

అయితే గ్రంథాలయము చెత్తకుప్ప గాదు. సగము చినిగిన గైడులును, సమాధానములు పూరించిన అభ్యాస పుస్తకములును ఇచ్చట పాఠకుని పొందవు. బీరువా చోటు నాక్రమించును. తన బిడ్డ చేతికి ఇయ్య నిష్టపడు స్థితిలోనున్న పుస్తకమునే పరుల బిడ్డకు ఇయ్యవలెను. ఇచ్చునప్పుడు తల్లిదండ్రులు గాక బిడ్డయే వచ్చి, గ్రంథపాలకుని చేతికిచ్చి, దాత పట్టికలో తన పేరు తానే వ్రాయవలెను. కొన్నాళ్లకు ఆ పుస్తకమును మఱియొకడు తీసికొనిపోవుట చూచిన బిడ్డకు, ఇచ్చుట యనగా పోగొట్టుకొనుట కాదని ఎవరును బోధింప నక్కఱలేదు.

గూడు నిగనిగలాడుట ఈ పనికి ఫలము కాదు. రెండు నెలలకు అది మరల చెదరును. ఏది యుంచుకొనవలెను, ఏది బాగుచేయవలెను, ఏది ఇయ్యవలెను, ఏది విడువవలెను అని బిడ్డ తానే నిశ్చయించుకొనుట నేర్చుటయే ఫలము. పెద్దవాడైన పిమ్మట ఇల్లును, పొలమును, ఊరును దిద్దుకొనుటకు కావలసినది ఆ వివేకమే.

ఈ జూన్ మాసమున గ్రామములోని ప్రతి యరుగుపై ఒక చాప పఱచబడునుగాక. ప్రతి గూటినుండి ఒక్క మంచి పుస్తకమైనను ఈ గ్రంథాలయపు గడప దాటి లోనికి వచ్చునుగాక. ఏ బిడ్డయు తన తాతగారి చేవ్రాతను బియ్యపుడబ్బా వెనుక దాచుకొనవలసిన యవసరము లేకుండునుగాక.

స్వస్తి.