పుస్తకమునకు దారి చెప్పరాదా?
(ఒక గ్రంథాలయ వార్షిక సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయోద్యమమున పుస్తకముల మూటలు మోసిన సేవకుడనేగాని నేను పండితుడను గాను. నా వృత్తి న్యాయవాదము. షరతులు చదువుట, వాని వెనుకనున్న యుద్దేశమును వెదకుట నాకు నిత్యకృత్యము. కావున నేడు పుస్తకమునకును పాఠకునకును నడుమ నిలిచిన యొక షరతును గూర్చి మనవి చేసెదను.

2023లో మా గుమాస్తా తన సెల్ ఫోనులో ఒక పఠన యాప్ తెరచి, తాను కోరిన పుస్తకమును వెదకెను. అట్ట కనబడెను, మొదటి పుటలు చదువుటకు వచ్చెను. కొనుటకు మాత్రము మీట లేదు. ఎచ్చట దొరకునో తెలుపు వాక్యమొక్కటియు లేదు. "ఇది అమ్మకమునకు లేదు కాబోలునండీ" యని యాతడు ఫోను ప్రక్కనబెట్టెను. ఆ సంస్థవారి వెబ్‌సైటులో ఆ క్షణముననే ఆ పుస్తకము అమ్ముడుపోవుచున్నది! వర్తకుడు అమ్మదలచియు, పాఠకుడు కొనదలచియు, బేరము కుదరకపోవుటకు కారణమేమి?

2008 జూలైలో ఆపిల్ సంస్థ తన ఫోనులకై యాప్ స్టోరును తెరచినది. ఆ యక్టోబరులోనే గూగుల్ సంస్థ ఆండ్రాయిడు ఫోనులకు అట్టి యంగడిని నెలకొల్పినది. యాప్ లోపల జరుగు డిజిటల్ అమ్మకములలో నూటికి 30 వంతులు స్టోరు యజమానికి చెల్లవలెనను నియమము క్రమముగా స్థిరపడినది. మన సంతలలో గుత్తదారు ఆశీలు వసూలు చేయుట మీరెరుగనిది కాదు. ఇదియు నొక ఆశీలే. అయితే పుస్తకముల యెడ నిది యెట్లు పనిచేసెనో చిత్తగింపుడు.

2010లో అమెరికాలోని పెద్ద ప్రచురణకర్తలు పలువురు ఇ-పుస్తకములకు వెల తామే నిర్ణయించి, విక్రేతకు నూటికి 30 వంతులు విడుచు పద్ధతిని చేపట్టిరి. నూరు రూపాయల పుస్తకమనుకొనుడు. ప్రచురణకర్తకు 70 పోవును. మిగిలిన 30 ఆశీలుక్రింద పోవును. విక్రేతకు మిగులునది సున్న. 2011 ఫిబ్రవరిలో ఆపిల్ ఈ నియమమును పఠన యాప్‌లపై గట్టిగా అమలుపరుపబూనగా, ఐఫ్లో రీడర్ అను యాప్ నడిపిన చిన్న సంస్థ ఆ సంవత్సరము మే 31తో వ్యాపారమును చాలించుకొనినది. తమ మూతకు ఆ నియమమే కారణమని వారు బహిరంగముగ ప్రకటించిరి. జూలైలో కిండిల్, నూక్, కోబో యాప్‌ల వారును తమ యంగడికి దారిచూపు మీటలను తొలగించుకొనిరి. పెద్దవారు గనుక బ్రదికిరి. ఆ గుత్తదారే 2010 నుండియు ఐబుక్స్ పేరిట తానును పుస్తకముల దుకాణము పెట్టియుండెనని మరువరాదు.

ఆండ్రాయిడునందును ఇదే కథ తరువాత నడచినది. గూగుల్ తన చెల్లింపు నిబంధనలను బిగించుటతో, 2022లో అమెజాన్ తన యాండ్రాయిడు కిండిల్ యాప్‌లోను పుస్తకముల అమ్మకమును నిలిపివేసినది.

ప్రతివాది వాదమునుగూడ వినుట న్యాయము. స్టోరు నడుపుట ఊరక జరుగదు. యాప్‌లను పరీక్షించుట, మోసగాండ్రను ఏరివేయుట ఖర్చుతో కూడిన పని యని వారందురు. అది నిజమే. 2021 నుండి చిన్న సంస్థలకు ఆశీలును 15 వంతులకు తగ్గించినమాటయు నిజమే. కాని యొక ప్రశ్నకు వారి సమాధానము నన్ను తృప్తిపరుపలేదు. అచ్చుపుస్తకమును యాప్ ద్వారా కొన్నచో ఈ ఆశీలు లేదు. కాగితముపై ముద్రించి తపాలాలో పంపిన పుస్తకమునకు లేని సుంకము, అవే అక్షరములు తెరపైకి వచ్చినచో నేల? యాప్‌ను పరీక్షించు శ్రమ రెండింటికిని ఒక్కటియే గదా!

అయినను, మహాశయులారా, నా ముఖ్యమైన ఆక్షేపణ ఆశీలును గూర్చి కాదు. వెలలో భాగమెంత యనునది బేరసారముల సంగతి. నా యాక్షేపణ నోరు మూయుటను గూర్చినది. సంతలో గంప దింపినందుకు గుత్తదారు ఆశీలు పుచ్చుకొనవచ్చును. కాని "నీ యిల్లు ఎచ్చటనో, అచ్చట ఏమి అమ్ముదువో కొనవచ్చినవానితో చెప్పరాదు" అని శాసించు గుత్తదారును మనమెన్నడైన చూచితిమా? పఠన యాప్‌లపై పడినది అట్టి శాసనమే. మా గుమాస్తాను వెనుకకు మరల్చినది పుస్తకపు వెల కాదు. దారి చెప్పువాడు లేకుండుటయే.

న్యాయస్థానములు ఈ సంగతిని క్రమముగా గుర్తించినవి. జపాను దేశపు వాణిజ్య సంఘము విచారణ ఫలితముగా, 2022 నుండి పఠన యాప్‌లు తమ వెబ్‌సైటునకు ఒక లింకు నుంచుకొనుటకు ఆపిల్ సమ్మతించినది. దానికిని అనుమతి కోరుకొనవలెను. ఎపిక్ అను ఆటల సంస్థ తెచ్చిన వ్యాజ్యమున 2021 సెప్టెంబరులో అమెరికా న్యాయమూర్తి ఈవాన్ గొంజాలెజ్ రోజర్స్, వెలుపలి దారిని చూపకుండ యాప్‌లను నిషేధింపరాదని ఉత్తరువిచ్చిరి. 2024లో ఆపిల్ లింకులకు ఒప్పుకొనుచునే, ఆ దారిని జరిగిన అమ్మకములపై 27 వంతులు విధించినది. ఇది కోర్టు ధిక్కారమని 2025 ఏప్రిల్ 30న ఆ న్యాయమూర్తియే తీర్పుచెప్పిరి. రుసుము సంగతి పైకోర్టుకు పోయినది గాని, ఆ మే నెలలోనే అమెరికాలోని ఐఫోనులందు కిండిల్ యాప్‌లో పుస్తకము కొనుటకు దారిచూపు మీట వెలసినది. పదునాలుగేండ్ల మౌనము ఒక్క యుత్తరువుతో వీడినది!

మన దేశముననో? 2022 అక్టోబరులో భారత పోటీ కమిషను ప్లే స్టోరు చెల్లింపు నిబంధనలపై గూగుల్‌నకు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించి, యాప్‌లవారు తమ ఖాతాదారులతో మాటలాడుకొనుటను అడ్డగింపరాదని ఆదేశించినది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు ఆ జరిమానాను 216.69 కోట్లకు తగ్గించినది. జరిమానా ఎక్కువో తక్కువో న్యాయస్థానములు తేల్చును. పాఠకునకు కావలసినది జరిమానా కాదు, దారి.

ఇంగ్లీషు పుస్తకము లక్షల ప్రతులు అమ్ముడుపోవును. దానికి ఈ నష్టము కొంతవరకు సహ్యము. వందల ప్రతులతో తృప్తిపడు తెలుగు రచయిత సంగతి యేమి? కొనదలచి వచ్చి వెనుదిరిగిన పదిమంది పాఠకులే ఆతనికి గొప్ప నష్టము. చిన్న విక్రేతకు ఆశీలుపోగా మిగులునది లేకున్న, తెలుగు పుస్తకములను తెరపైకి తెచ్చు సాహసము రేపు ఎవరు చేయుదురు?

కావున నేను కోరునది స్వల్పము. ఆశీలు రేటును గూర్చి వాదములు సాగనిండు. కాని విక్రేత తన యంగడి చిరునామాను తన పాఠకునకు నిర్భయముగ చెప్పుకొను హక్కును చట్టము స్పష్టముగా కాపాడవలెను. అందాక మన గ్రంథాలయములు చేయదగిన పని యొకటి కలదు. ఇచ్చటి గోడపై ఒక పలక తగిలింపుడు. తెలుగు ఇ-పుస్తకములు ఏయే వెబ్‌సైటులలో దొరకునో, యాప్‌లో మీట లేనిచో ఎట్లు కొనవలెనో దానిపై వ్రాయుడు. కొనుట నేర్వని వృద్ధులకు మన యువకులు ప్రక్కన గూర్చుండి నేర్పవలెను. పుస్తకము ఎచ్చటనున్నదో అడిగినవానికి చెప్పుటయే గదా గ్రంథాలయము మొదటి ధర్మము! యాప్ చెప్పజాలని మాటను మనము చెప్పుదము.

మా గుమాస్తా ఆ పుస్తకమును మరునాడు వెబ్‌సైటులో కొని చదివెను. దారి చెప్పుటకు నాకు పట్టినది రెండు నిముషములు.