చెరసాలనుండి వచ్చిన ప్రశ్న



ఇరువదియేండ్ల ప్రాయములో సండేస్కూలులో నేర్చిన జవాబులు మనకు సరిపోవును. నలువది దాటిన తరువాత, మంచము పట్టిన తల్లిదండ్రుల ప్రక్కన, ఉద్యోగము దొరకని కుమారుని యెదుట, సమాధుల తోటలో, అవి చాలనట్లు తోచును. అప్పుడు అనేకులు ఆదివారము వచ్చుదురు, పాడుదురు, లోలోపల మాత్రము దేవునితో మాటలు మానివేయుదురు. సందేహముకంటె ఆ మౌనమునకే నేను ఎక్కువ భయపడుదును.

బాప్తిస్మమిచ్చు యోహానును చూడుడి. యొర్దానునొద్ద క్రీస్తును జనులకు చూపించినవాడే, హేరోదు చెరలో పడిన తరువాత, మెస్సీయ నిజముగా ఆయనేనా అని తన శిష్యులచేత అడిగించెను (మత్తయి 11). ప్రభువు కోపింపలేదు. గ్రుడ్డివారికి, కుంటివారికి, బీదలకు జరుగుచున్న మేలును చూచి వెళ్లి చెప్పుడనెను. పిమ్మట జనులయెదుట యోహానునే మెచ్చుకొనెను.

అయినను చెర తలుపు తెరువబడలేదు. యోహాను అక్కడనే చంపబడెను. ఈ సంగతిని మనము దాటిపోరాదు. తలుపు తెరువబడకపోయినను ప్రశ్నను ఆయనయొద్దకే పంపుట, అదే ముదిరిన విశ్వాసము. 88వ కీర్తన చీకటిలోనే ముగియును. అయినను ఆద్యంతము దేవునితోనే మాటలాడును.

కాబట్టి మీ సందేహమును ప్రార్థనలో దాచక చెప్పుడి. సంస్కారపు బల్లకు దూరము కాకుడి. సంఘపెద్దతోనో, గురువుగారితోనో మనసు విప్పుడి. యోహానుకు జవాబు మోసికొనిపోయినది తోటివారే గదా! సంఘమున్నది అందుకే.

ప్రభువు మిమ్మును బలపరచును గాక. ఆమేన్.